సీడీ ఎందుకు మామూలు కమాండు కాదు? (ఫోర్క్, ఎగ్జెక్‌ల కథ)

రోజుకి వందసార్లు కొట్టే సీడీ కమాండు అసలు ఎక్కడుంటుందో ఎప్పుడైనా వెతికారా? ఎల్ఎస్, గ్రెప్, క్యాట్ అన్నీ బిన్ డైరెక్టరీలో ఫైళ్ళుగా కనిపిస్తాయి. సీడీ మాత్రం షెల్లు కడుపులో ఉంటుంది. (కొన్ని సిస్టముల్లో ప్రమాణాల పుస్తకం ఉండాలంది కదా అని సీడీ పేరుతో ఒక ఫైలు కూడా పెట్టారు. దాన్ని నడిపితే మీరు ఉన్నచోటే ఉంటారు :-) )

ఈ చిన్న తేడా వెనక యాభై ఏళ్ళు దాటిన కథ ఒకటుంది. మన ఇంటర్వ్యూల్లో "ఫోర్క్‌ని వరసగా మూడుసార్లు పిలిస్తే మొత్తం ఎన్ని ప్రాసెస్‌లు?" అని అడగడం, మనం ఎనిమిది అని చెప్పి గట్టెక్కడం మామూలే. ఆ ఫోర్క్ అసలు ఎందుకు అలా ఉందో మాత్రం ఎవరూ అడగరు. కొత్త ప్రోగ్రాము నడపాలంటే ముందు ఉన్న ప్రోగ్రాముకి అచ్చుగుద్దినట్టు నకలు తీసి, ఆ నకలుని పారేసి, దాని స్థానంలో కొత్తదాన్ని నింపడం ఏమిటి? కాసేపు ఆలోచిస్తే విడ్డూరంగానే ఉంటుంది. దీని వెనక గొప్ప సిద్ధాంతమేదో ఉందని చాలామంది అనుకుంటారు. పాఠ్యపుస్తకాలు కూడా అలాగే చెప్తాయి. నిజం అంతకంటే సరదాగా ఉంటుంది.

ముందు షెల్లు సంగతి. ఈ పేరు పెట్టింది ఫ్రాన్సుకి చెందిన లూయీ పూజాఁ. 1960ల మొదట్లో ఆయన ఎమ్ఐటీలో సీటీఎస్ఎస్ అనే టైమ్‌షేరింగ్ సిస్టం మీద పనిచేస్తూ, ఒక ఫైల్లో రాసిపెట్టుకున్న కమాండ్లని వరసగా నడిపే రన్‌కామ్ అనే ప్రోగ్రాము రాశాడు. ఇవాళ మన హోం డైరెక్టరీలో ఉండే బాష్‌ఆర్‌సీ ఫైల్లోని 'ఆర్‌సీ' ఆ రన్‌కామ్ నుంచి వచ్చిందే. సీటీఎస్ఎస్ తర్వాత వచ్చిన మల్టిక్స్‌లో కమాండ్లు చదివే పనిని ఆపరేటింగ్ సిస్టం లోపల కాకుండా ఒక మామూలు ప్రోగ్రాముకి అప్పగించారు. అదే షెల్లు. అయితే మల్టిక్స్‌లో కమాండు కొడితే కొత్త ప్రాసెస్ పుట్టదు. ఆ వాడుకరికి ఉన్న ప్రాసెస్ లోపలే, ఒక ఫంక్షన్ని పిలిచినట్టు ఆ కమాండుని పిలుస్తారు. అక్కడ ప్రాసెస్ అంటే ఖరీదైన వస్తువు.

1969లో బెల్ ల్యాబ్స్ మల్టిక్స్ నుంచి తప్పుకుంది. ఆ తర్వాత కెన్ థాంప్సన్ ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 అనే మిషను మీద సొంతంగా ఒక చిన్న సిస్టం మొదలుపెట్టాడు. మెమరీ 18 బిట్ల పదాలు ఎనిమిది వేల చిల్లర. ఇప్పటి లెక్కలో 18 కిలోబైట్లు! మీ ఫోన్లో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

ఈ మిషను మీద పుట్టిన మొదటి యునిక్స్‌లో ఫోర్క్ లేదు. ఎగ్జెక్ లేదు. వెయిట్ లేదు. డెన్నిస్ రిచీ 1979లో సిడ్నీలో జరిగిన ఒక సదస్సులో యునిక్స్ పరిణామం గురించి చదివిన వ్యాసంలో ఈ వివరాలన్నీ చెప్పాడు. ఇప్పుడు నేను చెప్పేవి చాలావరకు అందులోంచి తెలుసుకున్నవే.

ఆ మిషనుకి రెండు టెర్మినళ్ళు ఉండేవి. టెర్మినలుకి ఒకటి చొప్పున రెండే ప్రాసెస్‌లు. కొత్తవి పుట్టవు, ఉన్నవి చావవు. మరి కమాండ్లు ఎలా నడిచేవి? షెల్లు ముందు తన ఫైళ్ళన్నీ మూసేసి, టెర్మినల్ని ఇన్‌పుట్‌గా, అవుట్‌పుట్‌గా తెరుస్తుంది. ఒక లైను చదువుతుంది. ఆ కమాండు ఫైలు తెరిచి, మెమరీ చివర్లో ఒక బుల్లి లోడరు ముక్కని పెట్టి, దాని మీదకి దూకుతుంది. ఆ ముక్క ఏం చేస్తుందంటే.. కమాండు ఫైల్ని తెచ్చి సరిగ్గా షెల్లు ఉన్నచోటే, షెల్లు మీదే పరిచేస్తుంది. అంటే షెల్లు తనని తాను చెరిపేసుకుని కమాండుకి చోటిస్తుందన్నమాట. కమాండు పని ముగించి ఎగ్జిట్ అనగానే, సిస్టం డిస్కు మీంచి తాజాగా ఇంకో షెల్లు కాపీ తెచ్చి ఆ కమాండు మీద పరుస్తుంది. మళ్ళీ కథ మొదటికి.

తొంభైల్లో ఫ్లాపీల మీద డాస్ నేర్చుకున్నవాళ్ళకి ఇది ఎక్కడో విన్నట్టు అనిపించాలి. డాస్‌లో కమాండ్.కామ్ అచ్చం ఇదే చేసేది. దాని పెద్ద ముక్కని ప్రోగ్రాములు మెమరీలో తొక్కేసేవి, ప్రోగ్రాము అయిపోయాక దాన్ని డిస్కు నుంచి మళ్ళీ తెచ్చుకోవాలి. అప్పటికి ఫ్లాపీ మార్చేసి ఉంటే 'కమాండ్.కామ్ ఉన్న డిస్కు పెట్టండి బాబూ' అని అడిగేది. యునిక్స్ తొలినాళ్ళలోనే వదిలేసిన పద్ధతి ఏళ్ళ తర్వాత కొత్తగా వచ్చిన డాస్‌లో తేలిందంటే మెమరీ లేమి మనుషుల చేత ఒకేలా ఆలోచింపజేస్తుందన్నమాట.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి. ఈ పాత పద్ధతిలోనే ఎగ్జెక్ చేసే పని పూర్తిగా ఉంది. ప్రాసెస్ అదే, లోపలి ప్రోగ్రాము మారింది, అంతే. లేనిదల్లా ఇంకో ప్రాసెస్‌ని పుట్టించే దారి.

ఫోర్క్ అన్న మాట అప్పటికే ఉంది. 1963లో మెల్విన్ కాన్వే (సంస్థ ఎలా ఉంటే అది తయారుచేసే సాఫ్ట్‌వేరు అలా ఉంటుందన్న కాన్వే సూత్రం కూడా ఈయనదే) ఒక ప్రోగ్రాము నడక రెండు పాయలుగా చీలడాన్ని ఫోర్క్ అని, మళ్ళీ కలవడాన్ని జాయిన్ అని రాశాడు. ఆయన ఉద్దేశం ఒకే పనిని ఎక్కువ ప్రాసెసర్లకి పంచడం. తర్వాత బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్రాజెక్ట్ జీనీ వాళ్ళు తమ టైమ్‌షేరింగ్ సిస్టంలో ఫోర్క్ అనే కాల్ పెట్టారు. థాంప్సన్ చదువుకున్నది బర్క్‌లీలోనే, కాబట్టి ఆలోచన ఎక్కడిదో వెతకక్కర్లేదు. కానీ జీనీలో ఫోర్క్ పిలిచేవాడు పిల్ల ప్రాసెస్‌కి ఏ మెమరీ ఇవ్వాలో, ఎక్కడ మొదలెట్టాలో చెప్పుకోవచ్చు. యునిక్స్ ఫోర్క్‌కి అసలు ఏ ఆర్గ్యుమెంటూ లేదు. మొత్తానికి మొత్తం నకలు, అంతే. ఎందుకలా?

పీడీపీ-7లో ఒక సమయంలో ఒక్క ప్రాసెసే మెమరీలో ఉంటుంది. రెండోది డిస్కు మీద స్వాప్ జాగాలో పడుకుని ఉంటుంది. ఒకదాని వంతు వచ్చినప్పుడు ఉన్నదాన్ని డిస్కుకి రాసి, దీన్ని పైకి తేవాలి. ఇందుకు కావలసిన కోడు ఆపాటికే ఉంది. ఇప్పుడు కొంచెం అల్లరి ఆలోచన చెయ్యండి. ఉన్న ప్రాసెస్‌ని డిస్కుకి రాశాం. కానీ మెమరీలో ఉన్నదాన్ని చెరపలేదు. డిస్కు మీద ఒకటి, మెమరీలో ఒకటి, రెండూ ఒకేలా ఉన్నాయి. ప్రాసెస్ పట్టికలో ఇంకో గడి ఇచ్చేసి ఇది వేరు, అది వేరు అని రాసుకుంటే సరి! ఫోర్క్ అయిపోయింది. పీడీపీ-7 మీద ఫోర్క్‌కి పట్టింది కచ్చితంగా 27 లైన్ల అసెంబ్లీ కోడు అని రిచీ రాశాడు. ప్రాసెస్‌ల వ్యవహారం మొత్తం ఆలోచించి రాయడానికి రెండు రోజులు పట్టిందట.

మరి ఫోర్క్‌నీ ఎగ్జెక్‌నీ కలిపి ఒకే కాల్‌గా ఎందుకు పెట్టలేదు? దీనికి కూడా రిచీ జవాబు నిజాయితీగా ఉంటుంది. ఎగ్జెక్ అనేది కెర్నెల్లో విడిగా లేనే లేదు. ఆ పని షెల్లే సొంతంగా చేసుకుంటోంది. కాబట్టి రెండూ కలపాలంటే చాలా ఎక్కువ రాయాలి, విడిగా ఉంచితే 27 లైన్లు చాలు. ఇది సౌందర్యశాస్త్రం కాదండీ, సులువు చూసుకోవడం. నాకు ఈ భాగం చాలా ఇష్టం. మన డిజైన్ మీటింగుల్లో తెల్లబోర్డు మీద గంటలకొద్దీ గీసేవాటిలో ఎన్ని యాభై ఏళ్ళు బతుకుతాయంటారు?

పిల్ల ప్రాసెస్ పని అయ్యేదాకా షెల్లు ఆగడానికి కూడా ఇలాంటి చిట్కానే. వెయిట్ ఇంకా లేదు. ఒక ప్రాసెస్ ఇంకోదానికి సందేశం పంపే కాల్ ఉండేది, అవతలివాడు తీసుకునేదాకా పంపినవాడు ఆగిపోతాడు. షెల్లు తన పిల్లకి ఒక ఉత్తుత్తి సందేశం పంపేది. పిల్ల దాన్ని ఎప్పటికీ చదవదు. అది చచ్చిపోగానే 'ఆ ప్రాసెస్ లేదు' అన్న ఎర్రరు షెల్లుకి వస్తుంది. హమ్మయ్య, పని అయిపోయిందన్నమాట!

ఇప్పుడు సీడీ దగ్గరికొద్దాం. ఫోర్క్ పెట్టిన కొన్నాళ్ళకి థాంప్సన్, రిచీ వాళ్ళకి తెలిసిందేమిటంటే, డైరెక్టరీ మార్చే కమాండు (అప్పట్లో దాని పేరు సీహెచ్‌డిర్) పనిచెయ్యడం మానేసింది. ఎర్రరు లేదు. కొడితే బుద్ధిగా నడుస్తుంది, మనం మాత్రం ఉన్నచోటే ఉంటాం. ఫోర్క్ రాయడం వల్ల సీహెచ్‌డిర్ ఎలా పాడైందా అని కోడంతా చదివారట, బుర్రలు బద్దలుకొట్టుకున్నారట. చివరికి వెలిగింది. పాత సిస్టంలో టెర్మినలుకి ఒకటే ప్రాసెస్, కాబట్టి కమాండు మార్చిన డైరెక్టరీ తర్వాత వచ్చే షెల్లుకీ వర్తిస్తుంది. కొత్త సిస్టంలో షెల్లు ఒక పిల్లని పుట్టిస్తుంది, ఆ పిల్ల ఎంతో బాధ్యతగా తన డైరెక్టరీ మార్చుకుంటుంది, వెంటనే చచ్చిపోతుంది. తల్లికి ఏమీ తెలియదు. అందుకని సీహెచ్‌డిర్‌ని షెల్లు లోపలికి తీసుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా అది అక్కడే ఉంది.

ఇదే దెబ్బ మనకి ఇంకో వేషంలో తగులుతుంటుంది. క్యాట్ నుంచి పైపు పెట్టి వైల్ లూపులో లైన్లు లెక్కపెట్టి, లూపు బయటికొచ్చి చూస్తే బాష్‌లో లెక్క సున్నా! లూపు నడిచింది పిల్ల షెల్లులో, లెక్క పెరిగిందీ అక్కడే, పోయిందీ దానితోనే. కార్న్ షెల్లు పైపులో ఆఖరి ముక్కని తనలోనే నడుపుతుంది కాబట్టి అక్కడ లెక్క మిగులుతుంది. బాష్‌కి కావాలంటే అలా చెయ్యమనే ఆప్షను 2011లో 4.2 వెర్షనుతో వచ్చింది. సీహెచ్‌డిర్ పాఠం తెలిసినవాడికి ఇందులో వింతేమీ ఉండదు.

ఇంకో చిక్కు బయటపడటానికి ఎక్కువ కాలమే పట్టింది. ఫైల్లో ఎక్కడిదాకా రాశాం అన్న గుర్తు మొదట్లో ప్రతి ప్రాసెస్ లోపల విడిగా ఉండేది. ఎల్ఎస్, హూ అని రెండు కమాండ్లున్న ఫైల్ని ఒక షెల్లు చేత నడిపించి, మొత్తం అవుట్‌పుట్‌ని ఒక ఫైల్లోకి మళ్ళించారనుకోండి. ఎల్ఎస్ తన పిల్ల ప్రాసెస్‌లో శుభ్రంగా రాసి వెళ్ళిపోతుంది. తర్వాత హూ కోసం పుట్టిన పిల్ల ఆ గుర్తుని షెల్లు నుంచి నకలు తీసుకుంటుంది. షెల్లు తానుగా ఏమీ రాయలేదు కదా, దాని గుర్తు ఇంకా సున్నా దగ్గరే! హూ వచ్చి ఎల్ఎస్ రాసినదాని మీదే రాసేస్తుంది. దీనికోసం ఈ గుర్తుల్ని ప్రాసెస్‌ల నుంచి బయటికి తీసి, సిస్టం మొత్తానికి ఒక పట్టికలో పెట్టారు. తల్లీ పిల్లలూ ఒకే గుర్తుని పంచుకుంటారు. ఇవాళ లినక్స్‌లో కూడా పద్ధతి అదే.

ఇంతకీ ఈ రెండు ముక్కల పద్ధతివల్ల ఒరిగిందేమిటి? ఫోర్క్‌కీ ఎగ్జెక్‌కీ మధ్య ఒక సందు దొరికింది. ఆ సందులో పిల్ల ప్రాసెస్‌లో నడుస్తున్నది ఇంకా షెల్లు కోడే. కొత్త ప్రోగ్రాము రాకముందే దానికి కావలసిన పరిసరాలు సర్దిపెట్టే అవకాశం అన్నమాట. పెళ్ళివారు దిగకముందే విడిదింట్లో అన్నీ సర్దిపెట్టినట్టు. 'ఎల్ఎస్ > జాబితా' అంటే ఆ సందులో షెల్లు 1వ నంబరు డిస్క్రిప్టరుని మూసి, జాబితా ఫైల్ని తెరుస్తుంది. ఖాళీగా ఉన్న అతి చిన్న నంబరు ఇవ్వడం కెర్నెల్ రివాజు కాబట్టి ఆ ఫైలుకి 1 దొరుకుతుంది. తర్వాత ఎల్ఎస్‌ని ఎగ్జెక్ చేస్తే, అది ఎప్పట్లాగే 1కి రాసుకుంటూ పోతుంది. తాను రాస్తున్నది టెర్మినలుకా ఫైలుకా అని దానికి పట్టింపు అక్కర్లేదు. ఎల్ఎస్ రాసినవాడు దీనికోసం ఒక్క లైను కోడు రాయనక్కర్లేదు.

చివర్లో & పెడితే? వెయిట్ చెయ్యకుండా షెల్లు తర్వాతి లైను చదువుతుంది. అంతే, బ్యాక్‌గ్రౌండ్ జాబు ఉచితం. షెల్లు కూడా ఒక మామూలు కమాండే కాబట్టి షెల్లులోంచి షెల్లుని పిలవచ్చు, అదే స్క్రిప్టు. డగ్ మెక్‌ఇల్రాయ్ ఏళ్ళ తరబడి పోరగా పోరగా థాంప్సన్ పైపులు పెట్టినప్పుడు (1973 నాటి మూడో ఎడిషను మాన్యువల్లో ఉన్నాయి) వాటికి కావలసిన నేల కూడా తయారుగా ఉంది. షెల్లు ఒక పైపు తెరిచి ఇద్దరు పిల్లల్ని పుట్టిస్తే, పైపు రెండు కొసలూ వారసత్వంగా వాళ్ళకి వచ్చేస్తాయి. అక్కర్లేని కొసని ఎవరికి వారు మూసుకోవాలి, మూయకపోతే చదివేవాడికి ఫైలు ముగిసిందన్న సంగతి ఎప్పటికీ తెలియక అలా కూర్చునే ఉంటాడు. కాలేజీ ల్యాబుల్లో బుల్లి షెల్లు రాసిన ప్రతివాడూ ఒక సాయంత్రం దీనికి ధారపోసే ఉంటాడు.

ఎగ్జెక్ ఒక్కటే వాడితే ఏమవుతుందో చూడాలంటే పాత యునిక్స్‌లో లాగిన్ వరస చూడాలి. ఇనిట్ ఒక పిల్లని పుట్టిస్తుంది. ఆ పిల్ల గెట్టీగా మారి టెర్మినల్లో పేరు అడుగుతుంది. పేరు చెప్పగానే అదే ప్రాసెస్ లాగిన్‌గా మారి పాస్‌వర్డు అడుగుతుంది. సరైతే అదే ప్రాసెస్ మీ షెల్లుగా మారుతుంది. నంబరు ఒకటే, వేషాలు మూడు. మీరు షెల్లు మూసేస్తే ఇనిట్‌కి తన పిల్ల పోయిన కబురు అందుతుంది, ఇంకో గెట్టీని పుట్టిస్తుంది.

ఇది పాతకాలం ముచ్చట అనుకోకండి. మా టీములో ఒకసారి ఒక డాకర్ కంటెయినరు ఆపమన్న ప్రతిసారీ కచ్చితంగా పది సెకన్లు తీసుకునేది. అందులో ఒకటో నంబరు ప్రాసెస్ ఒక షెల్లు స్క్రిప్టు, అసలు సర్వరు దాని పిల్ల. ఆగమన్న సిగ్నలు షెల్లుకి అందేది, షెల్లు పిల్ల కోసం ఎదురుచూస్తూ దాన్ని ఎవరికీ చెప్పేది కాదు, పది సెకన్లు గడిచాక డాకర్ అందర్నీ బలవంతంగా చంపేసేది. స్క్రిప్టు చివరి లైనులో సర్వరు పేరు ముందు ఎగ్జెక్ అన్న ఒక్క మాట చేర్చగానే సరిపోయింది. షెల్లు తప్పుకుని తన కుర్చీని సర్వరుకి ఇచ్చింది, సిగ్నలు నేరుగా దానికే చేరింది. 1969 నాటి షెల్లు చేసిన పని కూడా సరిగ్గా ఇదే.

ఇక ఖర్చుల సంగతి. నాలుగైదు వేల పదాల ప్రోగ్రాముని నకలు తియ్యడం ఎంతసేపు? కానీ 1979కల్లా బర్క్‌లీ వాళ్ళు వ్యాక్స్ మిషను మీద వర్చువల్ మెమరీతో పెద్ద పెద్ద ప్రోగ్రాములు నడుపుతున్నారు. అంతా నకలు తీసి మరుక్షణం ఎగ్జెక్‌తో పారెయ్యడం దండగ అనిపించి, 3బీఎస్‌డీలో వీఫోర్క్ పెట్టారు. ఇందులో నకలు లేదు, పిల్ల తల్లి మెమరీలోనే నడుస్తుంది, ఎగ్జెక్ అయ్యేదాకా తల్లి ఊపిరి బిగబట్టి ఆగుతుంది. ఇది తాత్కాలికం, సరైన ఏర్పాటు రాగానే తీసేస్తాం అని మాన్యువల్లోనే రాశారు. 4.4బీఎస్‌డీలో దాన్ని మామూలు ఫోర్క్‌గా మార్చేశారు కూడా. నెట్‌బీఎస్‌డీ వాళ్ళు మళ్ళీ తెచ్చారు. పోజిక్స్ 2008లో ప్రమాణం నుంచి తీసేసింది. లినక్స్‌లో ఇప్పటికీ ఉంది. తాత్కాలికం అన్నది ఏదీ తాత్కాలికం కాదని మనకి వేరే చెప్పాలా :-)

ఆ సరైన ఏర్పాటు ఏమిటంటే, రాసినప్పుడే నకలు తియ్యడం. ఫోర్క్ సమయంలో తల్లీ పిల్లా అవే మెమరీ పేజీలు పంచుకుంటారు, ఎవరైనా రాయబోతే అప్పుడు ఆ పేజీకి నకలు. దీనివల్ల ఫోర్క్ చవకైంది, అంతేకాదు కొత్త ఉపయోగాలూ పుట్టాయి. రెడిస్ తన డేటా మొత్తాన్ని డిస్కుకి దింపేటప్పుడు ఫోర్క్ చేసి, పిల్ల చేత ఆ క్షణం నాటి చిత్రాన్ని రాయిస్తుంది. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాపూ జైగోట్ అనే ప్రాసెస్ నుంచి ఫోర్క్ అయి పుట్టినదే. అయితే పేజీలు పంచుకున్నా పేజీల పట్టికని నకలు తియ్యాలి కదా. పదుల గిగాబైట్లు తినే ప్రాసెస్‌కి అదే బోలెడు పని. పైగా అంత మెమరీకి కెర్నెల్ హామీ ఉండాలి, లేకపోతే ఒక బుల్లి కమాండు నడపబోయి మెమరీ చాలదన్న ఎర్రరు తెచ్చుకుంటాం.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి థ్రెడ్లు. ఫోర్క్ పిలిచిన ఒక్క థ్రెడే పిల్లలోకి వస్తుంది, మిగతావి మాయం. వాటిలో ఏదైనా ఒక తాళం పట్టుకుని ఉంటే? తాళం వేసే ఉంటుంది, తీసేవాడు లేడు. అందుకే అలాంటి ప్రోగ్రాముల్లో ఫోర్క్ తర్వాత ఎగ్జెక్ దాకా ఏవో కొన్ని సురక్షితమైన ఫంక్షన్లే వాడాలని ప్రమాణం చెప్తుంది. అంటే ఆ విడిదింట్లో సర్దుకునే స్వేచ్ఛ చాలావరకు పోయినట్టే.

2019లో హాట్‌ఓఎస్ సదస్సులో ఆండ్రూ బౌమన్, మరో ముగ్గురు (మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, బోస్టన్ విశ్వవిద్యాలయం, ఈటీహెచ్ జ్యూరిక్ వాళ్ళు) ఫోర్క్ మీద సూటిగా దాడి చేశారు. అది డెబ్భైల నాటి మిషన్లకి తగిన తెలివైన చిట్కా, ఇప్పుడది బరువు, విద్యార్థులకి చరిత్రలో భాగంగా నేర్పండి కానీ మొదటి పాఠంగా వద్దు అన్నది వాళ్ళ వాదన. మైక్రోసాఫ్ట్ వాళ్ళు కదా అలాగే అంటారు అని కొట్టిపారేసేవాళ్ళని చూశాను. అది సరికాదు, ఆ వాదనలో పస ఉంది. పెద్ద సర్వరు ప్రోగ్రాముల్లో, లైబ్రరీల లోపల ఫోర్క్ వాడకం ప్రమాదమే. కానీ షెల్లు సంగతి వేరు. చిన్నది, థ్రెడ్లు లేనిది, పిల్లల పరిసరాలు సర్దడమే వృత్తిగా బతికేది. దానికి ఇంతకంటే నప్పే పరికరం నాకైతే కనపడలేదు. విండోస్‌లో ప్రాసెస్ పుట్టించే కాల్‌కి పది ఆర్గ్యుమెంట్లు, అందులో కొన్ని మళ్ళీ పెద్ద స్ట్రక్చర్లు. సర్దాల్సినవన్నీ ముందే ఊహించి జాబితాలో రాయాలంటే అంతే అవుతుంది.

యునిక్స్ లోకంలోనూ అలాంటిది ఉంది. పోజిక్స్ స్పాన్ అని 1999లో ప్రమాణంలోకి వచ్చింది. ఫోర్క్, ఎగ్జెక్ రెండూ కలిపిన కాల్. మధ్యలో సందు లేదు కాబట్టి ఏ ఫైలు మూయాలో, ఏది తెరవాలో ముందే జాబితా ఇవ్వాలి. జావా లాంటివి ఇప్పుడు లినక్స్ మీద దీన్నే వాడుతున్నాయి. కాకపోతే ఆ జాబితా తయారుచేసినవాళ్ళు ఒకటి వదిలేశారు. పిల్ల ప్రాసెస్‌ని ఏ డైరెక్టరీలో మొదలెట్టాలో చెప్పే దారి అందులో లేదు. జీలిబ్‌సీ తన సొంత పొడిగింపుగా దాన్ని 2019లో చేర్చింది. పోజిక్స్ ప్రమాణంలోకి 2024లో వచ్చింది. మళ్ళీ అదే సీహెచ్‌డిర్!